మంచుగ్రహముపై ఒక త్యాగకథ

హాస్యమునకు, కరుణమునకు పొత్తు కుదరదని మన ఆలంకారికుల మతము. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు రసముల పరస్పర విరోధమును వివరించుచు, భయానకమును, కరుణమును హాస్యమునకు పగవారినిగా చెప్పినాడు. తరగతి గదిలో ఈ సూత్రమును అప్పగించుట తేలిక. లోకములో దానిని నిలబెట్టుట అంత తేలిక కాదు. పెద్దకర్మ నాడు, పోయినవారి పిసినారితనమును తలచుకొని పడిపడి నవ్విన బంధువులు, ఆ నవ్వు ముగియక మునుపే కండ్లు తుడుచుకొనుట ఎవరు చూడలేదు?

ఈ విరోధమును పరీక్షకు పెట్టిన రచన ఒకటి, సాహిత్యమని ఎవరును పిలువని చోట దొరకుచున్నది. అది బ్రిటిష్ టెలివిజనులో వచ్చిన ‘రెడ్ డ్వార్ఫ్’ అను హాస్య ధారావాహికలోని ఒక భాగము. పేరు ‘మెరూన్డ్’. దిక్కులేని చోట చిక్కుపడిపోవుట అని దాని అర్థము. ధారావాహిక 1988 ఫిబ్రవరిలో బి.బి.సి. రెండవ ఛానలులో మొదలయినది. ఈ భాగము మూడవ విడతలో రెండవది. 1989 నవంబరు 21న ప్రసారమయినది. వ్రాసినవారు రాబ్ గ్రాంట్, డగ్ నేలర్ అను జంట రచయితలు. నిడివి అరగంట. అంతరిక్షనౌకలు, కృష్ణబిలములు, యంత్రమానవులు అనగానే, ఇది పిల్లల కాలక్షేపమని తెలుగు పండితుడు ముఖము తిప్పుకొనవచ్చును. పుష్పకవిమానమును, పరకాయప్రవేశమును, మయసభను ఏ అభ్యంతరమును లేక చదివి, చదివించి, పరీక్షలలో ప్రశ్నలుగా ఇచ్చినవారు ఇక్కడ మాత్రము ముఖము తిప్పుకొనుట న్యాయము కాదు.

కథకు పూర్వరంగము కొంత చెప్పక తప్పదు. ‘రెడ్ డ్వార్ఫ్’ అనునది గనుల పనికై ఏర్పడిన ఒక బ్రహ్మాండమైన అంతరిక్షనౌక. అందులో అందరికంటె కింది మెట్టు పనివాడు లిస్టర్. నిబంధనలకు విరుద్ధముగా ఒక పిల్లిని నౌకలోనికి తెచ్చి, దానిని అప్పగించుటకు నిరాకరించిన నేరమునకు అతనిని కాలము స్తంభించిపోవు గదిలో బంధించినారు. అతడు లోపల ఉండగా నౌకలో రేడియోధార్మికత వెలువడి తక్కినవారందరు మరణించినారు. అది తగ్గి, తలుపు తెరుచుకొనునప్పటికి 30 లక్షల సంవత్సరములు గడచిపోయినవి. గుహలో ముచికుందుడు మేల్కొన్నట్లు లిస్టర్ మేల్కొన్నాడు. మాట్లాడుటకు మనిషి లేడు. అతనికి మతి చలింపకుండుటకై నౌకలోని కంప్యూటరు, చనిపోయినవారిలో ఒకనిని హోలోగ్రాముగా, అనగా కాంతితో అల్లిన రూపముగా, తిరిగి లేపినది. అతడే రిమ్మర్. లిస్టరునకు పై అధికారి, ఒకే గదిలో సహవాసి, బతికి ఉండగా అతని పొడ గిట్టనివాడు. ఒక పలకను సరిగా బాగుచేయక ఆ ప్రమాదమునకు కారకుడైనవాడును అతడే.

రిమ్మర్ వంటివానిని ఉపాధ్యాయులు సులభముగా గుర్తుపట్టగలరు. అధికారి కావలెనను కోరిక ఆకాశమంత. అందుకు వలసిన పరీక్ష మాత్రము ఎన్నిసార్లు వ్రాసినను గట్టెక్కలేదు. ఒకసారి పరీక్షగదిలో కూర్చుండి ‘నేనొక చేపను’ అని 400 సార్లు వ్రాసి, లేచి ఏదో వింత నాట్యము చేసి, మూర్ఛపోయినాడని మొదటి భాగములోనే లిస్టర్ అతనిని ఎత్తిపొడుచును. గొప్ప సేనాపతులనిన అతనికి ఆరాధన. లిస్టర్ ఇందుకు పూర్తిగా విరుద్ధము. లివర్‌పూల్ వాడు. మురికి బట్టలు, గోవా నుండి బ్రిటనుకు చేరిన విండాలూ కూర, బీరు, ఒక గిటారు: ఇది అతని ప్రపంచము. ఆ గిటారును అతడు వాయించుట వినువారికి శిక్ష. తాను మాత్రము గొప్ప వాద్యకారుడనని అతని నమ్మకము. లిస్టరుగా నటించిన క్రెయిగ్ ఛార్లెస్ టెలివిజనుకు రాక మునుపు కవిత్వము వినిపించి పేరు తెచ్చుకొన్నవాడు. రిమ్మరుగా నటించిన క్రిస్ బారీ ధ్వన్యనుకరణలో నిపుణుడు. ఈ భాగములో ఇద్దరి గొంతులపైననే బరువంతయు పడుట వలన ఈ సంగతి చెప్పవలసి వచ్చినది.

ఇక కథ. దారిలో 5 కృష్ణబిలములు కనిపించుచున్నవని కంప్యూటరు హెచ్చరించినది. ప్రమాదము గడచువరకు దూరముగా ఉండవలెనని లిస్టర్, రిమ్మర్ ఒక చిన్న నౌకలో బయలుదేరినారు. ఆ నౌక మంచుతో కప్పబడిన ఒక గ్రహముమీద కూలినది. బయట చూపు ఆననంత మంచు. లోపల తినదగినది దాదాపు ఏమియు లేదు. ఉన్న వానిలో పదార్థమని చెప్పదగినది కుక్కలకు పెట్టు ఆహారపు డబ్బా ఒకటి. లిస్టర్ దానిని తినవలసి వచ్చును. ఆ ఘట్టములోని హాస్యము మోటుది. దానిని ఇక్కడ వివరింప పనిలేదు. కాచుకొనుటకు ఒక చిన్న మంట కలదు. మంటకును ఆకలి కలదు.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఆకలి, చలి ఇద్దరికి సమానము కావు. రిమ్మర్ కాంతిరూపము. అతనికి ఆకలి లేదు, చలి లేదు. ఇదివరకే మరణించినవాడు గనుక మరణభయము లేదు. దేనిని తాకలేడు, ఎత్తలేడు, దాచుకొనలేడు. కాని ఆస్తిమీద మమకారము మాత్రము చావలేదు. ఒక పుల్లను కూడ కదల్చలేనివాడు తన పెట్టెను గురించి, తన బొమ్మలను గురించి కాపలా కాయుచున్నాడు. లోభిని గురించి చాటువులు చెప్పిన మన పూర్వకవులకు ఈ కల్పన తట్టియుండినచో దానిని వదలిపెట్టియుండరు.

మొదట పుస్తకములు మంటలోనికి పోయినవి. షేక్స్పియర్ సమగ్రకృతుల వంతు వచ్చినప్పుడు రిమ్మర్ అడ్డుపడినాడు. అటువంటి మహాగ్రంథమును కాల్చుట పాపమని అతని వాదము. నీవు దానిని చదివినావా అని లిస్టర్ అడిగినాడు. చదువలేదు. అందులోని ఒక నాటకము ఆధారముగా వచ్చిన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ని మాత్రము చూచినాడు. పోనీ ఒక్క పంక్తి చెప్పుమనగా, ‘రిచర్డ్ ది థర్డ్’ నాటకపు ప్రసిద్ధమైన ఉపన్యాసమును అందుకొని, ‘ఇప్పుడు’ అని ఆగిపోయినాడు. తరువాతి మాట గుర్తు లేదు.

నవ్వు వచ్చును, వెంటనే చురుక్కుమనును. అట్టమీది పేరు మాత్రమే తెలిసిన కావ్యములు, అవతారికలోని తొలి పద్యపు తొలి మాట మాత్రమే నోటికి వచ్చు ప్రబంధములు మన పాఠశాలల బీరువాలలో ఎన్ని లేవు! వానిని ఎవరైన ఒక మాట అనినచో కత్తి దూయుదుము. తాళముచెవి ఎక్కడ ఉన్నదని అడిగినచో ప్యూనును పిలుతుము. రిమ్మర్ చేసినది ఇంతకంటె వేరు కాదు. గ్రంథమును పూజించుటకు దానిని విప్పవలసిన పని లేదు. కాల్చినవాడు లిస్టరే అయినను, ఆ షేక్స్పియరును ఎన్నడో చల్లార్చినవాడు రిమ్మర్.

ఈ హాస్యములో మరియొక పొర కలదు. రచయితలు దానిని వివరింపక వదలినారు. ఆ నాటకములో ‘ఇప్పుడు’ అను మాట వెనువెంటనే వచ్చునది శీతకాలపు ప్రస్తావనయే. నిజమైన శీతకాలము నడుమ కూర్చుండి రిమ్మర్ మరచినది ఆ ఒక్క మాటనే. అంతకంటె ముఖ్యమైనది ఆ మాటలు పలుకు పాత్ర స్వభావము. 1597లో తొలిసారి అచ్చయిన ఆ నాటకములో రిచర్డ్ ఒంటరిగా రంగముమీదికి వచ్చి, తాను పన్నిన కుతంత్రములను ప్రేక్షకుల చెవిని వేసి, వారిని తన పక్షమునకు తిప్పుకొనును. మోసమును ముందే తెలిసికొన్న ప్రేక్షకుడు సాక్షియై కూర్చుండి, చాల సేపటి వరకు నవ్వుచునే ఉండును. అటువంటి మోసమే కొద్దిసేపటిలో ఈ చిన్న నౌకలో జరుగనున్నది.

పుస్తకములు అయినవి. రిమ్మర్ దాచుకొన్న నోట్లు కూడ అయినవి. ఇక మిగిలినవానిలో చెప్పదగినవి మూడు. ఒకటి, జావా దేశపు కర్పూరపుకొయ్యతో చేసిన రిమ్మరు భోషాణము, తండ్రి ఇచ్చినది. రెండవది, అతని సైనిక బొమ్మలు: నెపోలియను చివరి దండయాత్ర నాటి ఉత్తరసేనకు ప్రతిరూపములుగా 19వ శతాబ్దిలో చేతితో చెక్కినవి. 1815లో వాటర్లూవద్ద ఓడిపోయిన సేన అదియే. ఒక్క యుద్ధమును, ఒక్క పరీక్షను గెలువనివాడు ఏరికోరి దాచుకొన్న సేన. మూడవది లిస్టరు గిటారు.

గిటారు కొయ్యయే కదా, దానిని కాల్చుమని రిమ్మర్ పట్టుపట్టినాడు. లిస్టర్ బతిమాలినాడు. తన బతుకులో తనకు తోడుగా నిలిచినది అదొక్కటే. కాని చలి బతిమాలుటను వినదు. చివరకు, కడసారి ఒక పాట వాయించుకొందును, నన్ను ఒంటరిగా వదలుమని వేడినాడు. వీడ్కోలు పాట మొదలయినది. రిమ్మర్ మర్యాదగా తప్పుకొన్నాడు. అతడు మరలగానే లిస్టర్ కండ్లు తుడుచుకొని భోషాణమువైపు చూచినాడు. దాని చెక్కనుండి అచ్చముగా గిటారు ఆకారములో ఒక ముక్కను కోసినాడు. గిటారును దాచినాడు. రిమ్మర్ తిరిగి వచ్చునప్పటికి మంటలో గిటారు ఆకారము కాలుచున్నది.

కర్పూరమనగానే తెలుగువానికి హారతి గుర్తు రాక మానదు. ఇక్కడ వెలిగినది ఏ దేవునికి హారతియో చెప్పుట కష్టము.

ఇంతవరకు ఇది చక్కని ప్రహసనము. ఇచ్చట ముగించినను ఎవరును తప్పు పట్టరు. కాని రచయితలు ఆగలేదు; ఈ భాగము యొక్క ఘనత అంతయు ఆగకపోవుటలోనే ఉన్నది. మంటలోని ఆకారమును చూచి రిమ్మర్ నిలిచిపోయినాడు. ఎగతాళి చేయవలసినవాడు చేయలేదు. ఇన్నాళ్ళు తాను తుచ్ఛుడని తలచినవాడు తన ప్రాణపదమైన దానిని మంటకు ఇచ్చినాడని అతడు నమ్మినాడు. ఆ నమ్మకము అతనిలో ఎక్కడో, ఏ పరీక్షాధికారియు తట్టని ఒక తలుపును తట్టినది. అతడు తన సేనను తెప్పించినాడు. ఒకడు ఇంత త్యాగము చేయగా తాను బొమ్మలను పట్టుకొని కూర్చుండరాదని, వానిని కూడ మంటలో వేయుమని కోరినాడు. తనకు చలి లేదు. తన ప్రాణమునకు ఆపద లేదు. కాలునది తన ఏకైక ప్రేమ. వెచ్చబడునది మరియొకని దేహము. త్యాగమునకు ఇంతకంటె శుద్ధమైన లక్షణము ధర్మశాస్త్రములలో వెదకినను దొరకదు.

లిస్టర్ వలదన్నాడు. వలదనుటకు అతనికి గల కారణము రిమ్మరునకు తెలియదు; అది కూడ మంచితనమే అనుకొన్నాడు. ఇక్కడ రచయితల నేర్పు ఒక చిన్న విషయములో కానవచ్చును. రిమ్మరునకు చేతులు పనికిరావు. కనుక ఆ బొమ్మలను మంటకు అందించవలసినవాడు లిస్టరే. అబద్ధమాడినవాడు, ఆ అబద్ధమును నమ్మినవాని సర్వస్వమును తన చేతులతో కాల్చవలసి వచ్చినది. నిజము చెప్పుటకు నోరు తెరవబోయి మూసికొనుచు ఉండును. ప్రేక్షకుడు నవ్వుచునే ఉండును. కాని ఆ నవ్వు గొంతులో ఎక్కడనో తగులుకొనును. సాహిత్యదర్పణకారుడు పగవారన్న రెండు రసములు ఒకే మంటవద్ద చలి కాచుకొనుచున్నవి.

ఇక విచారింపవలసినది లిస్టరు తప్పు ఎక్కడ అన్న సంగతి. భోషాణమును కోయుట తప్పు కాదు. ఒక మనిషి చలికి బిగుసుకొనిపోవుచుండగా, తాకనైన తాకలేని పెట్టెకోసము వాదించువాడు రిమ్మర్. అతని లోభమే ముందు దోషము. లిస్టర్ లేచి, నాకు ప్రాణము కావలెను, నీ పెట్టెను కాల్చుచున్నానని ముఖమునే చెప్పి గొడ్డలి ఎత్తియుండినచో అతనిని నిందించుట ఎవరికిని సాధ్యము కాదు. తప్పంతయు ఆ ముక్కకు ఇచ్చిన ఆకారములో ఉన్నది. అది కట్టెగా కాలలేదు, త్యాగముగా కాలినది. ఒకరి సొత్తును కాల్చి, తన సొత్తు కాలినట్లు కనబరచినాడు. దొంగతనమునకు పశ్చాత్తాపమైన ఉండవచ్చును. దొంగిలించిన దానితో పుణ్యము సంపాదించినవానికి ఏమున్నది?

కొందరు ఇట్లు వాదింపవచ్చును: ఫలితము మంచిదే కదా. ఒక ప్రాణము నిలిచినది. జన్మమెత్తి, ఆ జన్మము ముగించి కూడ ఎన్నడును ఉదారుడు కానివాడు ఒక రాత్రి ఉదారుడయినాడు. సత్యము చెప్పియుండినచో ఆ ఉదారత పుట్టెడిదా? పుట్టెడిది కాదు. రిమ్మర్ రాత్రియంతయు పెట్టెకోసము తిట్టుచు కూర్చుండెడివాడు. కనుక అబద్ధము సత్యముకంటె మేలు చేసినదని వారి లెక్క.

ఈ వాదమునకు మన పురాణములలో అండ దొరకునట్లే కనిపించును. శిబిచక్రవర్తి కథను తీసికొన్నచో అక్కడ డేగ డేగ కాదు, పావురము పావురము కాదు. ఇంద్రుడును, అగ్నియు వేషములు వేసికొని వచ్చి ఆ రాజును మోసగించినారు. అతడు తొడ కోసి త్రాసులో పెట్టినది ఒక అబద్ధమునకై. అయినను శిబిని మోసపోయిన అమాయకుడని ఎవరును అనలేదు. మోసము త్యాగమును తక్కువ చేయలేదు. రిమ్మర్ విషయములోను అంతే. అతడు ఇచ్చినది నిజముగా ఇచ్చినాడు. నమ్మినది అబద్ధమైనంత మాత్రమున ఆ బొమ్మలు కాలకుండ పోలేదు. ఆ రాత్రికి ఆ నౌకలో గొప్పవాడెవడని అడిగినచో, నవ్వులపాలైనవాడే అని చెప్పవలసి యుండును.

కాని శిబి కథలో దేవతలు చివరకు వేషములు తీసివేసినారు. ఇది పరీక్ష అని ఒప్పుకొన్నారు. కోసిన దేహమును తిరిగి ఇచ్చినారు. వారు తమకోసము ఏమియు దాచుకొనలేదు. లిస్టర్ దాచుకొన్నది గిటారు. అతడు వేషము తీయలేదు. తిరిగి ఇచ్చుటకు బూడిద తప్ప ఏమియు లేదు. పరీక్షకును, దోపిడికిని భేదము ఇక్కడ తెలియును. ఫలితము మంచిదన్నవారు ఆ మంచిని లిస్టరు ఖాతాలో వ్రాయుచున్నారు. అది అతనిది కాదు. ఒక్కొక్క అణువు రిమ్మరుది.

ఈ కథ ఉపాధ్యాయవర్గమునకు ప్రత్యేకముగా తగులును. వరద వచ్చినప్పుడో, తుపాను వచ్చినప్పుడో పాఠశాలలలో డబ్బాలు పట్టుకొని తిరుగుట అలవాటు. పిల్లలు చిరుతిండికి తెచ్చుకొన్న డబ్బు తెచ్చి అందులో వేయుదురు. ఒకడు వాళ్ళ నాయనమ్మ పండుగకు ఇచ్చిన నోటును మడత విప్పకయే వేయును. డబ్బా పట్టుకొన్న చేతులు ఎవరివో, ఆ చేతుల యజమాని జేబునుండి అందులో ఏమి పడినదో పిల్లలు అడుగరు. త్యాగమును గురించి ఆనాడు ప్రార్థనలో విన్న ఉపన్యాసమే వారికి ప్రమాణము. ఆ ఉపన్యాసములోని గిటారు నిజముగా కాలినదా, ఏ భోషాణపు చెక్కనుండి కోసిన ఆకారమా? పిల్లవాడిచ్చినది ఎట్లయినను నిజమే. నిజమగుట వలననే ఆ ప్రశ్న బరువైనది.

ఇందుకు ఎదురు ఉదాహరణము కల్పనలో వెదకనక్కరలేదు. చరిత్రలో ఉన్నది, మంచుమీదనే ఉన్నది. 1915లో దక్షిణధ్రువ సముద్రములో ‘ఎండ్యూరెన్స్’ అను ఓడ మంచు నడుమ చిక్కుకొని నలిగిపోయినప్పుడు, నాయకుడైన ఎర్నెస్ట్ షాకిల్టన్ తన మనుష్యులను ఓడ దింపి మంచుమీద నిలిపినాడు. బరువు తగ్గవలెను, ఒక్కొక్కరు సొంత వస్తువులను 2 పౌన్లకు మించి తేరాదన్నాడు. అని, మొదట తానే జేబులోని బంగారు నాణెములను మంచుమీద పారవేసినాడు. రాణి అలెగ్జాండ్రా ఇచ్చిన బైబిలునుండి ఒకటి రెండు పుటలు మాత్రము చించుకొని, గ్రంథమును అక్కడనే వదలినాడు. అందరు చూచుచుండగా చేసినాడు. తరువాత తక్కినవారు తమ తమ వస్తువులను వదలినారు. అయితే ఆ బరువుల లెక్కకు ఒక మినహాయింపు నాయకుడే ఇచ్చినాడు: వాతావరణ పరిశీలకుడైన లెనార్డ్ హస్సీ యొక్క బాంజో. అది గిటారుకు చుట్టమైన తంతివాద్యము. మనుష్యుల మనస్సులకు అది మందు అని షాకిల్టన్ భావించినాడు. ఓడలోని 28 మందియు ప్రాణములతో బయటపడినారు. ఆ బాంజో గ్రీనిచ్‌లోని సముద్రయాన ప్రదర్శనశాలకు చేరినది.

అక్కడను వాద్యము దక్కినది. ఇక్కడను వాద్యము దక్కినది. ఒకటి అందరి ఎదుట దక్కినది.

రచనా విషయములో ఒకటి రెండు మాటలు. ఈ భాగములో చూపదగిన వింతలు దాదాపు లేవు. పెద్ద నౌకలో జరుగు స్వల్ప సన్నివేశములు తప్ప కథ అంతయు ఒక్క గది, ఒక్క మంట, ఇద్దరు మనుష్యులు. ఇందుకు ఈ రచయితల పూర్వరంగము కొంత కారణము కావచ్చును. ఈ ధారావాహికకు బీజము వారు బి.బి.సి. రేడియోకు వ్రాసిన ‘డేవ్ హాలిన్స్’ అను అంతరిక్ష హాస్యఖండికలలో ఉన్నది. మాటతోనే ప్రపంచమును కట్టుట రేడియోలో అలవడిన విద్య. గిట్టని ఇద్దరిని విడిపోలేని చోట బంధించి హాస్యము పుట్టించుట బ్రిటిష్ టెలివిజనులో పాత సంప్రదాయమే. 1962లో మొదలయిన ‘స్టెప్టో అండ్ సన్’లో తుక్కుసామానుల నడుమ తండ్రీకొడుకులు అట్లే ఉందురు. పాఠశాల వార్షికోత్సవమునకు ఏకాంకిక వ్రాయబూని, ఇరవై పాత్రలు, నాలుగు తెరలు, ఒక అడవి కావలెనని కోరు యువరచయితలు దీనిని ఒకసారి చూచుట మేలు. రెండు పాత్రలు చాలును. ఇద్దరిలో ఒకనికి తెలిసినది రెండవవానికి తెలియకుండవలెను.

దోషము లేకపోలేదు. ముగింపు తొందరగా సాగినది. కృష్ణబిలములని కంప్యూటరు భ్రమించినవి పరికరపు అద్దముమీది 5 నలుసులని తెలియును. అనగా ఈ ప్రయాణము, ఈ చలి, ఈ దహనము అన్నియు నలుసుల పుణ్యము. తోటివారు వచ్చి ఇద్దరిని రక్షింతురు. భోషాణములోని గిటారు ఆకారపు కంత బయటపడును. అంతకు ముందు మాటల సందర్భములో రిమ్మర్, పూర్వజన్మలో తాను అలెగ్జాండరు చక్రవర్తి అంతఃపురములో ప్రధాన నపుంసకుడనని చెప్పుకొని యున్నాడు. ఇప్పుడు రంపము తెమ్మని, అలెగ్జాండరు నాకు చేసినది లిస్టరునకు చేయవలెనని కేక వేయును. నవ్వులతో తెర పడును. పేలిన ముగింపే, సందేహము లేదు. కాని ఆ కేక వేయుటకు ముందు, కంతను చూచిన క్షణములో రిమ్మరు ముఖమును ఇంకొక నిమిషము చూపియుండవలసినది. పెట్టె పోయినందుకా అతని కోపము? తనలో ఒక్కసారి పుట్టిన మంచి, మోసపుచ్చి పుట్టింపబడినదని తెలిసినందుకా? అరగంట గడువు ఆ ప్రశ్నను మింగివేసినది. ధారావాహికకు ఇది పుట్టుకతో వచ్చిన బంధనము. మరుసటి వారము రిమ్మర్ మరల ఆ రిమ్మరే కావలెను. ఆ రాత్రి మరుపున పడవలెను. ఇటువంటి కథలలో పాత్రలు ఏమియు నేర్చుకొనరాదు.

గిటారు మాత్రము నిలిచియున్నది. 1993 అక్టోబరులో ప్రసారమయిన ‘సైరెన్స్’ అను భాగములో మాయారూపము దాల్చిన జీవి ఒకటి లిస్టరు వేషములో నౌకలో జొరబడును. ఇద్దరు లిస్టరులలో అసలువాడెవడో తేల్చవలసి వచ్చును. ఆ గిటారునే చేతికిచ్చి వాయింపుమందురు. మాయలిస్టరు అద్భుతముగా వాయించినాడు, వానిని కాల్చినారు. అసలువాని వాదనము భరింపరానిదని అందరికి తెలియును.